పదిహేను వరుసలు, ఏడు వారాలు: లినక్స్ కెర్నెల్‌కు నా మొదటి ప్యాచ్

హైదరాబాద్‌లో పదకొండు మంది పనిచేసే ఒక చిన్న సంస్థలో నేను ఎంబెడెడ్ ఇంజినీరును. పొలంలో నేల తేమను కొలిచి, ఆ రీడింగును గంటకొకసారి పంపే పెట్టెను మేము తయారు చేస్తాము. అందులో ఒక చిన్న ఆర్మ్ ప్రాసెసర్ బోర్డు, ఒక బ్యాటరీ, అరచేతి కన్నా కాస్త పెద్దదైన సోలార్ పలక ఉంటాయి. రీడింగు తీసి పంపడానికి పట్టే ఒక్క నిమిషం తప్ప మిగిలిన సమయమంతా బోర్డు నిద్రలో ఉండాలి. ఉంటేనే ఎండ లేని రోజుల్లో బ్యాటరీ నిలుస్తుంది. 2023 జూలైలో ముసురు పట్టిన ఒక వారంలో మా పెట్టెలు కొన్ని మూడో రోజుకే మూగబోయాయి. ముందు సోలార్ పలకను అనుమానించాము, తరువాత బ్యాటరీని అనుమానించాము. చివరికి బోర్డు నిద్రపోతున్నప్పుడు లాగే కరెంటును కొలిచి చూస్తే, ఉండవలసినదాని కన్నా రెండు మిల్లీఆంపులు ఎక్కువగా ఉంది.

ఆ రెండు మిల్లీఆంపుల వెంట పడి నేను చేరిన చోటు లినక్స్ కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఒక డ్రైవరు, అంటే ఒక పరికరాన్ని నడిపే కోడ్. చిప్పు పనికి లయ అందించే విద్యుత్ సంకేతాన్ని క్లాకు అంటారు. కెర్నెల్‌లో ప్రతి క్లాకుకూ ఒక లెక్క ఉంటుంది: దాన్ని ఎన్నిసార్లు ఆన్ చేయమని అడిగారో అన్నిసార్లు ఆఫ్ చేయమని చెబితేనే అది ఆగుతుంది. కెర్నెల్ లోపలి సంగతులను చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని 'క్లాక్ సమరీ' అనే ఫైలులో ఆ లెక్కలన్నీ కనిపిస్తాయి. సెన్సరు వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పుకు వెళ్లే క్లాకు ఎదురుగా 1 ఉండవలసిన చోట 3 ఉంది. నిద్రకు ముందు డ్రైవరు ఒకసారి ఆఫ్ చేస్తుంది; ఇంకా 2 మిగులుతుంది; క్లాకు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది.

కారణం తెలిశాక చాలా మామూలుగా అనిపించింది. డ్రైవరు పని మొదలుపెట్టే భాగాన్ని ప్రోబ్ అంటారు. ఈ డ్రైవరు ప్రోబ్‌లో ముందు క్లాకును ఆన్ చేసి, ఆ తరువాత విద్యుత్తునిచ్చే రెగ్యులేటరు కోసం అడుగుతుంది. బోర్డు బూట్ అవుతున్నప్పుడు రెగ్యులేటరు డ్రైవరు ఇంకా సిద్ధం కాకపోతే, 'తరువాత రా' అనే అర్థంలో 517 అనే ఎర్రర్ సంఖ్య వస్తుంది, కెర్నెల్ కాసేపాగి ప్రోబ్‌ను మళ్లీ పిలుస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఎర్రర్‌తో వెనక్కి వెళ్లేటప్పుడు ఈ డ్రైవరు తాను ఆన్ చేసిన క్లాకును ఆఫ్ చేయకుండానే వెళుతోంది. మా బోర్డు మీద ప్రోబ్ రెండుసార్లు విఫలమై మూడోసారి నెగ్గుతుంది కాబట్టి లెక్క 3 దగ్గర నిలిచింది. గదిలోకి వచ్చి లైటు వేసి, పని కాదని తెలిసి, లైటు ఆర్పకుండా వెళ్లిపోయే మనిషి లాంటిదే ఇది.

మా కెర్నెల్ కాపీలో దీన్ని ఆ సాయంత్రమే సరిచేశాను. ప్రోబ్‌లో అర్ధంతరంగా వెనుదిరిగే చోట్లు మూడున్నాయి. వాటిని చివరన ఉన్న ఒకే లేబుల్‌కు (కోడ్‌లో పేరు పెట్టిన చోటుకు) మళ్లించి, అక్కడ క్లాకును ఆపాను. మొత్తం పదిహేను వరుసలైనా లేవు. పని అక్కడితో ముగిసేదే. కానీ ప్రతిసారి కొత్త కెర్నెల్‌కు మారినప్పుడల్లా మా సొంత సవరణలను మళ్లీ అతికించే బాధ్యత నాదే. అప్పటికే అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఇది మా బోర్డుకు మాత్రమే సంబంధించిన సవరణ కాదు, ఆ చిప్పు వాడే ప్రతి ఒక్కరికీ సంబంధించినది. మూలంలోనే చేరితే నా నెత్తిన బరువు ఒకటి తగ్గుతుంది. పరోపకారం కన్నా ఈ బద్ధకమే నన్ను ముందుకు నడిపిందని ఒప్పుకోవాలి.

మొదటి అడ్డంకి కోడ్‌లో లేదు, సంతకంలో ఉంది. కెర్నెల్‌కు పంపే ప్రతి ప్యాచ్ (కోడ్‌లో చేయవలసిన మార్పును చూపే పాఠం) చివరా 'సైన్డ్-ఆఫ్-బై' అనే వరుసలో పేరు, ఈమెయిల్ ఉండాలి. 2004లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి వెనుక 'డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్' అనే చిన్న పత్రం ఉంది: ఈ మార్పు నేను చేసినదే లేదా ఇవ్వడానికి నాకు హక్కున్నదే, ఇది శాశ్వతంగా బహిరంగ రికార్డులో ఉంటుందని నాకు తెలుసు అని ఆ వరుస రాసేవారు హామీ ఇస్తున్నట్లు. నేను ఆ సవరణను సంస్థ పని వేళలో, సంస్థ జీతం మీద రాశాను. అంటే ఇవ్వడానికి నాకు హక్కున్నదో లేదో నేనొక్కడినే చెప్పుకోలేను. మా యజమానిని అడిగాను. "మన కష్టాన్ని ఊరికే ఇవ్వడమెందుకండీ?" అన్నారాయన. కెర్నెల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉన్నదనీ, పెట్టె కొన్నవారు అడిగితే అందులోని కెర్నెల్ సోర్స్‌ను మనం ఎలాగూ ఇవ్వవలసినదేననీ చెప్పాను. ఆ మాట ఆయనను అంతగా కదిలించలేదు. ఇది మూలంలో చేరితే వచ్చే ఏడాది కెర్నెల్ మార్చేటప్పుడు నా పని ఒక రోజు తగ్గుతుందని చెప్పినప్పుడు మాత్రం, "అలాగైతే పంపండి" అన్నారు. ఆ అనుమతిని ఒక ఈమెయిల్‌గా రాసి ఇమ్మని అడిగి తీసుకున్నాను.

సంతకంలోనే మరో చిక్కు వచ్చింది. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. నా ఈమెయిల్ ఖాతాలో ఇంటిపేరు ముందు, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పొడి అక్షరం చివర, ఆధార్ కార్డులో పొడి అక్షరం మొదట ఉన్నాయి. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ప్యాచ్‌ను పరిశీలించి, పంపినవారి పేరూ సంతకంలోని పేరూ సరిపోలడం లేదని హెచ్చరించింది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఏ ఫారంలో ఎలా రాసినా గడిచిపోయిన పేరును, ఒక వరుస నిర్ణయించుకుని అన్నిచోట్లా ఒకేలా దిద్దుకున్నాను. నేను ఎంచుకున్న వరుసలో ఇంటిపేరే ముందుంది. దాని ఫలితం తరువాత తెలిసింది.

తరువాతి ప్రశ్న, ఎవరికి పంపాలన్నది. కెర్నెల్ మూలంలో 'మెయింటైనర్స్' అనే ఫైలు ఒకటుంది. ఇరవై వేలకు పైగా వరుసల ఆ ఫైలులో ఏ డైరెక్టరీకి ఎవరు బాధ్యులో రాసి ఉంటుంది. దాన్ని చేత్తో వెతకనక్కరలేదు. 'గెట్ మెయింటైనర్' అనే స్క్రిప్టుకు ప్యాచ్‌ను చూపిస్తే చిరునామాలన్నీ ఇస్తుంది. నా చిన్న ప్యాచ్‌కు అది ఏడు చిరునామాలు చూపించింది. వాటిలో ఆ డ్రైవరును మొదట రాసిన వ్యక్తి ఉన్నారు, ఆ సబ్‌సిస్టమ్‌ను చూసుకునే మెయింటైనర్ ఉన్నారు, ఇద్దరు రివ్యూయర్లు ఉన్నారు, మూడు బహిరంగ మెయిలింగ్ లిస్టుల చిరునామాలున్నాయి. బటన్ నొక్కితే వెళ్లే వ్యవస్థ కాదిది. ఇప్పటికీ కెర్నెల్ ప్యాచ్‌లు సాదా ఈమెయిల్‌గానే ప్రయాణిస్తాయి. అటాచ్‌మెంటు కూడదు, రంగులూ బొద్దు అక్షరాలూ కూడదు. మార్పు మొత్తం మెయిల్ ఒంట్లోనే ఉండాలి, ఎందుకంటే చదివేవారు దాని మధ్యలోనే తమ మాట రాస్తారు.

ఈ సాదా ఈమెయిల్ అన్నది వినడానికి తేలిక. మొదట సంస్థ ఈమెయిల్ నుంచి నాకు నేనే పంపి చూసుకున్నాను. అడుగున ఆరు వరుసల నోటీసు అంటుకుని వచ్చింది: ఈ సందేశం గోప్యమైనది, పొరపాటున అందితే చెరిపేయండి అని. అందరికీ ఇస్తున్నానని సంతకం చేసిన ప్యాచ్ కింద ఇది గోప్యమని రాసి ఉంటే దాన్ని ఎవరూ తీసుకోరు. సొంత ఖాతాకు మారాను. బ్రౌజరులో అతికించి పంపితే ట్యాబులన్నీ ఖాళీ జాగాలుగా మారిపోయాయి. కెర్నెల్ కోడ్‌లో ఇండెంటేషన్ ట్యాబులతోనే ఉంటుంది కాబట్టి ఆ ప్యాచ్ ఎక్కడా అతకదు. చివరికి 'గిట్ సెండ్-ఈమెయిల్' అమర్చుకుని, ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టి, దానికోసం విడిగా ఒక యాప్ పాస్‌వర్డ్ పుట్టించి, నాకు నేను పంపుకున్న ప్యాచ్‌ను మళ్లీ దించి, శుభ్రమైన కెర్నెల్ మీద అతికించి చూశాను. అతికింది. దీనికే ఒక ఆదివారం పోయింది. ఎవరైనా మొదటిసారి పంపబోతుంటే నేను చెప్పేది ఈ ఒక్క మెట్టును దాటవేయవద్దనే.

ఇక కమిట్ సందేశం, అంటే గిట్‌లో నమోదయ్యే ప్రతి మార్పుకూ తోడుగా రాసే వివరణ. నేను రాసినది రెండు వాక్యాలు: క్లాక్ లీకును సరిచేశాను, ఇప్పుడు బాగా పనిచేస్తోంది. ఆ డైరెక్టరీలోని పాత కమిట్లను ఒక యాభై చదివాక సిగ్గేసింది. అక్కడ వరుసల కన్నా వాటి వివరణ పొడవుగా ఉంటుంది. తప్పు ఏమిటి, ఎప్పుడు బయటపడుతుంది, వాడేవారికి ఏమవుతుంది, ఏం మార్చాము అన్న క్రమంలో ఉంటుంది. పైగా మార్పును చెప్పే వాక్యం ఆజ్ఞార్థకంలో ఉండాలని నియమం: 'సరిచేశాను' కాదు, 'సరిచేయి'. కోడ్‌కు ఆజ్ఞ ఇస్తున్నట్లు రాయాలన్నమాట. పెద్దవారికి పంపే ఉత్తరంలో 'చేయి', 'ఆపు' అని రాయడం నా చేతికి చాలాసేపు రాలేదు.

ఆగస్టు 30న మొదటి విడత పంపాను. పైన 'రెస్పెక్టెడ్ సర్స్' అని సంబోధన కూడా పెట్టాను. రెండు గంటలకొకసారి మెయిల్ చూసుకున్నాను. మూడు రోజులు గడిచాయి, వారం గడిచింది, ఎవరూ పలకలేదు. ప్యాచ్ చెత్తబుట్టలో పడిందనుకున్నాను. నాకు తెలియనిది ఒకటుంది: 6.5 కెర్నెల్ ఆగస్టు 27న విడుదలైంది. ఒక విడుదల అయిన వెంటనే రెండు వారాలు 'మెర్జ్ విండో' నడుస్తుంది. ఆ రెండు వారాల్లో మెయింటైనర్లందరూ తాము కూడబెట్టిన మార్పులను లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు పంపే పనిలో మునిగి ఉంటారు. ఒక్కో విడుదలలో పదివేలకు పైగా మార్పులు చేరతాయి. ఆ తరువాత 'ఆర్‌సీ1' అనే మొదటి పరీక్షా విడుదల వస్తుంది, వారానికొకటి చొప్పున ఆర్‌సీలు సాగి, తొమ్మిది పది వారాలకు తరువాతి విడుదల వెలువడుతుంది. నేను పెళ్లివారి ఇంట్లో ముహూర్తం వేళ తలుపు తట్టి ఇంటి పన్ను గురించి మాట్లాడబోయాను. మంచి విషయమేమిటంటే, గుర్తుచేస్తూ మరో మెయిల్ పంపేలోపే ఒక సహోద్యోగి ఈ సంగతి చెప్పి నన్ను ఆపాడు. సెప్టెంబరు 10న 6.6-ఆర్‌సీ1 వచ్చింది. రెండు రోజుల తరువాత ఒకే పూట మూడు జవాబులు వచ్చాయి.

మొదటిది మనిషి రాసింది కాదు. ఎవరు ఏ ప్యాచ్ పంపినా పట్టుకుని, రకరకాల అమరికల్లో కంపైల్ చేసి, విశ్లేషణ పరికరాలతో తనిఖీ చేసే 'కెర్నెల్ టెస్ట్ రోబో' అనే ఏర్పాటు ఉంది. అది రాసింది ఒక్క వరుస: ఫలానా చోట ఎర్రర్ కోడ్ లేదు. చూశాను. మూడు చోట్లలో రెండింటిని సరిగ్గానే మళ్లించాను. మూడోది, చిప్పు గుర్తింపు సంఖ్య సరిపోలనప్పుడు 'ఈ పరికరం లేదు' అనే ఎర్రర్‌తో వెనుదిరిగే చోటు. పాత కోడ్‌లో ఆ ఎర్రర్ విలువ 'రిటర్న్' వరుసలోనే ఉంది. నేను ఆ వరుసను తీసేసి లేబుల్‌కు మళ్లించాను గాని, ఎర్రర్ విలువను వేరియబుల్‌లో ఉంచలేదు. అంతకు ముందు క్లాకును ఆన్ చేసినప్పుడు వచ్చిన సున్నాయే అందులో మిగిలి ఉంది. కెర్నెల్‌లో సున్నా అంటే విజయం. అంటే చిప్పు లేకపోయినా డ్రైవరు 'అంతా బాగుంది' అని చెబుతుంది. ఒక లీకును సరిచేయబోయి అంతకన్నా పెద్ద తప్పు చేర్చాను. మా బోర్డు మీద చిప్పు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ దారి ఒక్కసారీ నడవలేదు, నా పరీక్షలో అది బయటపడే అవకాశమే లేదు.

రెండో జవాబు ఒక రివ్యూయర్‌ది. ఆయన నన్ను మా ఇంటిపేరుతో పలకరించారు, అదే నా పేరనుకుని. మా వంశం మొత్తాన్ని పిలిచినట్లు ఉంది గాని, దిద్దడానికి మనసొప్పలేదు. అక్కడ 'సర్'లూ 'గారు'లూ లేరు. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నవారిని కూడా నిన్న వచ్చినవారు పేరుతోనే పిలుస్తారు. ఆయన అడిగినవి రెండు. ఒకటి, ఈ లోపం ఏ కమిట్‌తో వచ్చిందో 'ఫిక్సెస్' అనే వరుసలో చెప్పాలి. రెండు, లేబుల్ వాడటం కన్నా 'డెవ్‌ఎం' రకం ఫంక్షను వాడవచ్చు కదా అన్నారు. డెవ్‌ఎం అంటే, పరికరం పేరు మీద తీసుకున్న వనరులను ప్రోబ్ విఫలమైనా, డ్రైవరు వెళ్లిపోయినా, కెర్నెలే తనంతట తాను వదిలించే ఏర్పాటు. క్లాకును తీసుకుని వెంటనే ఆన్ కూడా చేసి, చివర తానే ఆఫ్ చేసే అలాంటి ఫంక్షను 2022లో విడుదలైన 6.0తో వచ్చింది. మూడో జవాబు మెయింటైనర్‌ది: పై రెండింటినీ చూసి రెండో విడత పంపండి అని.

ఫిక్సెస్ వరుస కోసం, కోడ్‌లోని ఏ వరుసను ఏ కమిట్ చివరిగా మార్చిందో చూపే 'గిట్ బ్లేమ్' నడిపితే 2021 నాటి ఒక కమిట్ కనిపించింది. దాన్నే రాయబోయాను. తెరిచి చూస్తే అది కేవలం ఇండెంటేషన్ దిద్దిన కమిట్. తప్పు అంతకు ముందే ఉంది. ఆ వరుసల చరిత్రను వెనక్కి తవ్వుకుంటూ పోతే, డ్రైవరు మొదటిసారి 2020లో 5.8 కెర్నెల్‌లో చేరినప్పుడే ఆ లోపంతో పుట్టిందని తేలింది. ఈ తేడా పట్టింపు కోసం కాదు. ఆ వరుసను చూసే, ఏ పాత కెర్నెల్ శాఖల దాకా ఈ సవరణను తీసుకెళ్లాలో నిర్ణయిస్తారు. నేను 2021 కమిట్‌ను రాసి ఉంటే, 2020 డిసెంబరులో వచ్చి ఇప్పటికీ వేల పరికరాల్లో నడుస్తున్న 5.10కు ఆ సవరణ అక్కరలేదని అర్థమయ్యేది.

రెండో విడతలో లేబుళ్లన్నీ తీసేసి డెవ్‌ఎం ఫంక్షను పెట్టాను. కోడ్ ఎంతో పొట్టిగా, అందంగా కనిపించింది. మెయిల్‌లో మూడు గీతల కింద, కమిట్‌లోకి వెళ్లని భాగంలో, గత విడతకూ దీనికీ తేడాలు రాసి పంపాను. అదే రోజు రాత్రి రివ్యూయర్ ఒక్క ప్రశ్న వేశారు: మాడ్యూల్‌ను తీసేసి చూశారా?

చూడలేదు. మా పెట్టెలో ఆ డ్రైవరు బూట్ అయినప్పుడు ఎక్కుతుంది, కరెంటు పోయేదాకా దిగదు. దాన్ని తీసేయడం మాకెప్పుడూ అవసరం రాలేదు. తీసి చూస్తే లాగ్ నిండా హెచ్చరిక వచ్చి పడింది: ఈ క్లాకు ఇప్పటికే ఆగిపోయి ఉంది అని. డ్రైవరు వెళ్లేటప్పుడు నడిచే 'రిమూవ్' భాగంలో క్లాకును ఆఫ్ చేసే పాత వరుస అలాగే ఉంది. అది ఒకసారి ఆపింది, తరువాత డెవ్‌ఎం ఏర్పాటు రెండోసారి ఆపబోయింది. ముందు ఆర్పకుండా వెళ్లిన మనిషి ఇప్పుడు ఆర్పిన లైటును మళ్లీ ఆర్పుతున్నాడు. ఆ రాత్రి నేను జవాబుగా రాసిన మెయిల్‌లో సంజాయిషీలేవీ లేవు: పరీక్షించలేదు, తప్పు కనిపించింది, మూడో విడత పంపుతాను అని మూడు ముక్కలు. సంజాయిషీ రాసి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు గాని, దాన్ని ఆ ఏడు చిరునామాల్లోని వారంతా చదవవలసి వచ్చేది.

ఆ మెయిల్ వరుసలోనే మెయింటైనర్ కల్పించుకుని, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచిన మాట ఒకటి చెప్పారు. మీరు రెండు పనులను ఒకే ప్యాచ్‌లో కలిపారు, ఒకటి లోపాన్ని సరిచేయడం, రెండోది కోడ్‌ను కొత్త పద్ధతికి మార్చడం అన్నారు. మొదటిది పాత శాఖలన్నింటికీ వెళ్లాలి. రెండోది 6.0తో వచ్చిన ఫంక్షను మీద ఆధారపడింది, దాన్ని 5.10కు తీసుకెళ్లాలంటే ఆ ఫంక్షనును తెచ్చిన మార్పును కూడా వెంట తీసుకెళ్లాలి. కాబట్టి మొదటి ప్యాచ్‌లో పాత పద్ధతిలోనే, లేబుల్‌తోనే సరిచేయండి, రెండో ప్యాచ్‌లో డెవ్‌ఎంకు మార్చండి అన్నారు. నాకు వింతగా తోచింది, ఎందుకంటే మొదటి ప్యాచ్‌లో కష్టపడి రాసిన లేబుల్‌ను రెండో ప్యాచ్ తుడిచేస్తుంది. కాని ఆలోచిస్తే, ఆ లేబుల్ బతికేది తాజా కెర్నెల్‌లో కాదు, నాలుగు పాత శాఖల్లో. రేపు రెండో ప్యాచ్ వల్ల ఏదైనా ఇబ్బంది వస్తే దాన్నొక్కదాన్నే వెనక్కి తీసుకోవచ్చు, లోపం సవరణ చెక్కుచెదరదు. మా సంస్థలో నేను ఏళ్ల తరబడి 'శుక్రవారం మార్పులు' అనే పేరుతో పది పనులను ఒకే కమిట్‌లో కుక్కుతూ వచ్చాను. ఆ అలవాటు ఆ వారంతో పోయింది.

మూడో విడతకు ముందు పరీక్షకు మూడు రోజులు పెట్టాను. మూడు ఎర్రర్ దారులనూ కావాలని నడిపించాను: చిప్పు గుర్తింపు సంఖ్యను కోడ్‌లో తాత్కాలికంగా తప్పుగా మార్చి ఒకసారి, రెగ్యులేటరు డ్రైవరును ఆలస్యంగా ఎక్కించి ఒకసారి, సెన్సర్ల వంటి పరికరాలను చూసుకునే ఐఐఓ అనే సబ్‌సిస్టమ్‌లో నమోదు చేసే అడుగును బలవంతంగా విఫలం చేసి ఒకసారి. డ్రైవరును పరికరానికి కట్టడం, విప్పడం సిస్‌ఎఫ్‌ఎస్ అనే కెర్నెల్ ఫైళ్ల ద్వారా వందసార్లు చేయించి, ప్రతిసారీ క్లాక్ సమరీలో అంకెను చూశాను. కట్టినప్పుడు 1, విప్పినప్పుడు 0. మొదటి ప్యాచ్ ఒక్కటే అతికించినప్పుడు, రెండూ అతికించినప్పుడు విడివిడిగా ఇదంతా మళ్లీ చేశాను, ఎందుకంటే వరుసలో ఏ మెట్టు దగ్గర ఆగినా కెర్నెల్ కంపైల్ అయి సరిగా నడవాలన్నది అక్కడి నియమం. కమిట్ సందేశాన్ని మాత్రం నాలుగుసార్లు తిరగరాశాను. చేతిలో ఈ బోర్డు లేని మనిషి, ఐదేళ్ల తరువాత, ఈ వరుస ఎందుకుందని అడిగితే ఆ పేరాలో జవాబు దొరకాలని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. 517 సంగతి, లెక్క 3కు ఎలా చేరిందన్నది, నిద్రలో కరెంటు పెరగడం అన్నీ అందులోకి వచ్చాయి. మా బ్యాటరీలు, ముసురు రాలేదు.

సెప్టెంబరు చివరి వారంలో మూడో విడత వెళ్లింది. నాలుగు రోజులకు రివ్యూయర్ నుంచి రెండు ప్యాచ్‌లకూ 'రివ్యూడ్-బై' అనే వరుస వచ్చింది. ఆ వరుస మర్యాద కోసం ఇచ్చేది కాదు. చదివాను, ఇది సరైనదని నాకు నమ్మకముందని ఆయన తన పేరు మీద చెప్పడం. మరో వారానికి మెయింటైనర్ 'అప్లైడ్, థాంక్స్' అని రెండు మాటలు రాశారు. మొదటి ప్యాచ్ ఆయన సవరణల శాఖలోకి వెళ్లింది, రెండోది తరువాతి విడుదల కోసం కూడబెట్టే శాఖలోకి వెళ్లింది. అక్కడి నుంచి నేను చేయవలసింది ఏమీ లేదు. ఆయన పైవారికి పంపారు, ఆ పైవారు లైనస్‌కు పంపారు. అక్టోబరు 22న వచ్చిన 6.6-ఆర్‌సీ7లో నా మొదటి ప్యాచ్ ఉంది. ఇంట్లో చూపిస్తే మా అమ్మ నా పేరును వేలితో తడిమి, "ఇంటిపేరు కూడా వేశారే" అంది.

దాని తరువాత వచ్చిన మెయిళ్లు నాకు ఇంకా ఎక్కువ సంతోషాన్నిచ్చాయి. లైనస్ శాఖలో చేరనిదే ఏ సవరణా పాత స్థిర శాఖలకు వెళ్లదు. చేరిన కొద్ది రోజులకు, మీ ప్యాచ్‌ను ఫలానా స్థిర శాఖకు చేర్చాము అనే యాంత్రిక సందేశాలు నాలుగు వచ్చాయి: 6.5, 6.1, 5.15, 5.10. మా పెట్టెలు నడిచేది 5.15 మీద. తరువాతి నెలలో ఆ శాఖ తాజా విడుదలను దించుకుని, నా సొంత సవరణల జాబితాలోంచి ఒక ఫైలును తొలగించాను. తొమ్మిది ఎనిమిదయ్యాయి. రెండో ప్యాచ్ 2024 జనవరి 7న విడుదలైన 6.7తో వచ్చింది.

కథ ఇంకొంచెం ఉంది. ఆ ఏడాది మే నెలలో, నాకు తెలియని ఒక డెవలపర్ పంపిన ప్యాచ్ నా చిరునామాకూ వచ్చింది. ఎందుకా అని చూస్తే, అందులోని ఫిక్సెస్ వరుసలో ఉన్నది నా రెండో ప్యాచ్. గెట్ మెయింటైనర్ స్క్రిప్టు, ఏ కమిట్‌ను తప్పు పడుతున్నారో దాన్ని రాసినవారి చిరునామాను కూడా చేరుస్తుంది. ఆ ప్యాచ్ చెప్పేది ఇది: ఇంతకుముందు డ్రైవరు వెళ్లేటప్పుడు ముందు క్లాకు ఆగేది, తరువాత రెగ్యులేటరు ఆగేది. నేను క్లాకును డెవ్‌ఎంకు మార్చి, రెగ్యులేటరును పాత పద్ధతిలోనే వదిలేశాను. డెవ్‌ఎం వనరులు రిమూవ్ భాగం ముగిసిన తరువాతే విడుదలవుతాయి కాబట్టి, ఇప్పుడు విద్యుత్తు ముందు పోతోంది, క్లాకు కాసేపు తిరుగుతోంది. విద్యుత్తు లేని చిప్పు కాలికి క్లాకు అందడాన్ని డేటాషీట్ ఒప్పుకోదు. నాకూ తట్టలేదు, రివ్యూ చేసినవారికీ తట్టలేదు, నేను వందసార్లు కట్టి విప్పి చూసినా ఆ అంకెల్లో ఈ వరుస తప్పడం కనిపించదు.

మొదటి ఐదు నిమిషాలు ముఖం వేడెక్కిన మాట నిజం. తరువాత కమిట్ సందేశాన్ని మళ్లీ చదివాను. తప్పు ఏమిటి, ఎప్పుడు బయటపడుతుంది, ఏం మార్చాలి అని మూడు వాక్యాల్లో ఉంది. ఎవరు చేశారన్నది ఆ ఫిక్సెస్ వరుసలో తప్ప ఇంకెక్కడా లేదు. రెగ్యులేటరును కూడా డెవ్‌ఎంకు మార్చి, క్లాకు కన్నా ముందు తీసుకునేలా వరుస సర్దారు. తీసుకున్న క్రమానికి తలకిందులుగా వదులుతారు కాబట్టి ఇప్పుడు క్లాకే ముందు ఆగుతుంది. ప్యాచ్‌ను మా బోర్డు మీదికి ఎక్కించి, విద్యుత్ సంకేతాలను గీతలుగా చూపే ఆసిలోస్కోప్ తీగలను ఒకటి క్లాకు కాలికి, ఒకటి విద్యుత్తు కాలికి తగిలించి, ఈసారి అన్నింటికన్నా ముందు మాడ్యూల్‌ను తీసేసి చూశాను. క్లాకు గీత చదునైన తరువాతే రెండో గీత కిందికి జారింది. మూడు ఎర్రర్ దారులూ నడిపి చూసి, మరునాడు ఉదయం జవాబు రాశాను. పైన సంబోధన ఆయన పేరు మాత్రమే, కింద రెండు వరుసలు: 'టెస్టెడ్-బై', ఆ తరువాత 'రివ్యూడ్-బై', రెండింటి ఎదుటా నా పేరు, ఇంటిపేరు ముందుగా.